ఇల్లు వదిలి మోటర్‌హోమ్‌లోకి: అమెరికాలో రిటైరైన తెలుగు దంపతులకు ఏ బండి, ఏ రాష్ట్రం, ఏ బీమా నప్పుతాయి?

అమెరికాలో ఉద్యోగ జీవితం ముగించి, పిల్లలు తమ తమ ఊళ్లలో స్థిరపడ్డాక, ఇక ఇల్లు ఖాళీ చేసి ఏడాది పొడవునా మోటర్‌హోమ్‌లోనే ఉండాలని ఆలోచిస్తున్న తెలుగు దంపతుల కోసం ఈ పోలిక రాస్తున్నాను. వారం రోజుల సెలవుకు ఆర్‌వీ (నివసించడానికి వీలుగా అమర్చిన బండి) అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ చూసి వచ్చేవారి లెక్కలు వేరు; మందులు, ఉత్తరాలు, పన్నులు, పూజ, వంట, ఇండియా ప్రయాణాలు అన్నీ ఆ బండి నుంచే నడుపుకోవలసిన వారి లెక్కలు వేరు. ఈ రెండో రకం వారు తమ వయసును, ఆరోగ్యాన్ని, ఏడాదిలో నిజంగా ఎన్ని నెలలు బండిలో గడుపుతారన్న విషయాన్ని ముందు కాగితం మీద పెట్టుకుని, ఆ తరువాతే షోరూముకు వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. నచ్చిన బండిని ముందు కొనేసి, దానికి తగ్గట్టు జీవితాన్ని సర్దుకోవడం అరవై అయిదేళ్ల వయసులో చాలా ఖరీదైన పని.

ఏ బండి?

క్లాస్ బీ అంటే మెర్సిడెస్ స్ప్రింటర్, రామ్ ప్రోమాస్టర్, ఫోర్డ్ ట్రాన్సిట్ వంటి వ్యాన్ లోపలే మంచం, పొయ్యి, టాయిలెట్ అమర్చిన బండి. పొడవు సుమారు 19 నుంచి 24 అడుగులు. కారు నడిపే చేతికి త్వరగా అలవాటవుతుంది, గ్యాలన్‌కు 15 మైళ్ల చుట్టుపక్కల ఇస్తుంది, కిరాణా దుకాణం ముందు మామూలు పార్కింగులో ఆగుతుంది. గ్లేషియర్ నేషనల్ పార్కులోని గోయింగ్ టు ద సన్ రోడ్డు మీద, అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ వరకు ఉన్న భాగంలో, 21 అడుగుల పొడవు మించిన వాహనాలను రానివ్వరు. మోటర్‌హోమ్‌లలో ఆ దారి పట్టగలిగేవి పొట్టి క్లాస్ బీ వ్యాన్‌లే. ఇన్ని సుగుణాలున్నా, ఇద్దరు మనుషులు ఏడాదంతా ఉండడానికి దీన్ని నేను సిఫారసు చేయను. మంచినీటి ట్యాంకు సాధారణంగా 20 నుంచి 30 గ్యాలన్లే కాబట్టి హుకప్ (బండికి తగిలించుకునే నీరు, కరెంటు కనెక్షన్) లేని చోట రెండు మూడు రోజులకే నీళ్లు అయిపోతాయి. ఒకరు వంట చేస్తుంటే రెండోవారు మంచమెక్కి కూర్చోవాలి. ఒకరికి జ్వరం వస్తే రెండోవారు పడుకోవడానికి వేరే చోటు ఉండదు. ఏడాదిలో నాలుగైదు నెలలు తిరిగి, మిగతా కాలం ఇంట్లోనో ఇండియాలోనో గడిపే దంపతులకు మాత్రం ఇంతకన్నా తగిన బండి లేదు.

క్లాస్ ఏ దీనికి రెండో కొస. బస్సు ఆకారం, 30 నుంచి 45 అడుగుల పొడవు, పక్కలకు తెరుచుకునే స్లైడ్‌లు, చుట్టూ నడవగలిగే మంచం, చాలావాటిలో వాషింగ్ మెషిన్ కూడా ఉంటాయి. పెట్రోలు రకం ఎక్కువగా ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్ (ఇంజను, చక్రాలతో కూడిన అడుగు చట్రం) మీద వస్తుంది. ఇంజను వెనక ఉండే డీజిల్ రకాన్ని డీజిల్ పుషర్ అంటారు. డీజిల్ పుషర్‌లో ప్రయాణం మెత్తగా ఉంటుంది, ఇంజను మోత ముందు సీట్ల దాకా రాదు, రాకీ పర్వతాల దిగుడు దారుల్లో ఎయిర్ బ్రేకులు ధైర్యాన్నిస్తాయి. షోరూములో భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి నచ్చేది సాధారణంగా ఇదే. అయితే కొత్త పుషర్ ధర సుమారు మూడు లక్షల డాలర్లతో మొదలై పది లక్షలు కూడా దాటుతుంది, మొదటి కొన్నేళ్లలోనే విలువ బాగా పడిపోతుంది, సర్వీసు ఖర్చు వేలల్లో ఉంటుంది, టైర్లు అరగకపోయినా వయసు రీత్యా ఆరేడేళ్లకు మార్చవలసి వస్తుంది. బండి బరువు 26,000 పౌండ్లు దాటితే టెక్సాస్ వంటి రాష్ట్రాలు సొంత వాడకానికైనా సరే, మామూలు లైసెన్సు చాలదని బరువైన వాహనాలకిచ్చే క్లాస్ బీ లైసెన్సు (క్లాస్ బీ వ్యాన్‌కు దీనితో సంబంధం లేదు) అడుగుతాయి.

డబ్బుకు లోటు లేనివారికి కూడా నేను చెప్పే అభ్యంతరం మరొకటి ఉంది. నలభై అడుగుల బండిని, దాని వెనక కట్టిన కారుతో సహా, ఇద్దరిలో ఒక్కరే నడపగలిగితే, ఆ ఒక్కరికి ఛాతీలో నొప్పి వచ్చిన రాత్రి రెండోవారు ఎక్కడున్నారో అక్కడే చిక్కుకుపోతారు. పెద్ద బండి మగవారే నడపాలన్న అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. ఆర్‌వీ డ్రైవింగ్ నేర్పేవారి దగ్గరకు ఇద్దరూ వెళ్లి, భార్య కూడా హైవే మీద సొంతంగా నడిపి, క్యాంప్‌సైటులోకి వెనక్కు తీసి నిలపగలిగాకే కాగితాల మీద సంతకం పెట్టండి. ఆమె ధైర్యంగా నడపలేని బండి ఆ దంపతులకు తగిన బండి కాదు.

ఫిఫ్త్ వీల్ అనే ట్రెయిలర్ ఇంటికి ఇంజను ఉండదు. పికప్ ట్రక్కు వెనక తొట్టిలో బిగించిన హిచ్ మీద ఆనుకుని వస్తుంది. చదరపు అడుగు లెక్కన చూస్తే చవక. పైకప్పు ఎత్తుగా, వంటగది విశాలంగా ఉంటుంది, పడకగది విడిగా ఉంటుంది. ట్రక్కు మరమ్మతుకు వెళ్లినా ఇల్లు క్యాంప్‌గ్రౌండ్‌లోనే నిలిచి ఉండడం దీని గొప్ప సౌకర్యం. మోటర్‌హోమ్ ఇంజను చెడితే మాత్రం దంపతులు ఇంటిని మెకానిక్‌కు అప్పగించి, విడిభాగం వచ్చేదాకా హోటల్ గదిలో గడపాలి. చలికాలం అరిజోనాలోనో దక్షిణ టెక్సాస్‌లోనో, వేసవి కూతురి ఊరి పక్కనో, ఇలా ఒక్కొక్క చోట నెలల తరబడి ఉండే స్వభావం ఉన్నవారు ఫిఫ్త్ వీల్‌ను తప్పక చూడాలి. నెల లెక్కన తీసుకుంటే క్యాంప్‌గ్రౌండ్ అద్దె కూడా రోజు లెక్క కన్నా బాగా తగ్గుతుంది. కాని దాన్ని ట్రక్కుకు తగిలించడం, విప్పడం ఎండలోనూ వానలోనూ వంగి చేయవలసిన పని కాబట్టి, నడుము నొప్పి, మోకాళ్ల అరుగుదల ఉన్నవారు రెండుసార్లు ఆలోచించాలి. దారిలో టాయిలెట్‌కు వెళ్లాలంటే ట్రక్కు దిగి, చుట్టూ తిరిగి వచ్చి ఇంటి మెట్లెక్కాలి. రక్తపోటుకు నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయించే మందు) వేసుకునే వారికి ఇది చిన్న విషయం కాదు.

ఇక క్లాస్ సీ. డ్రైవరు తల మీదుగా ముందుకు పొడుచుకు వచ్చిన అటక వంటి పడక దీని గుర్తు. పొడవు ఎక్కువగా 24 నుంచి 32 అడుగులు, గ్యాలన్‌కు 8 నుంచి 11 మైళ్లు. చాలావరకు ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీదే తయారవుతాయి. సామాను తరలించే అద్దె ట్రక్కులు, అంబులెన్సులు కూడా అదే కుటుంబానికి చెందిన ఛాసిస్‌ల మీద తిరుగుతాయి కాబట్టి చిన్న ఊళ్లో కూడా ఇంజను పని తెలిసినవారు దొరుకుతారు. అందచందాల్లో క్లాస్ ఏకు, తేలికగా తిరగడంలో క్లాస్ బీకి ఇది సాటి రాదు. అయినా, ఇద్దరూ నడపగలగడం, దారి పక్కన ఆగితే నడుచుకుంటూ టాయిలెట్‌కు వెళ్లగలగడం, మరమ్మతు ఎక్కడైనా దొరకడం అనే మూడింటినీ కలిపి చూసినప్పుడు, అరవైల్లో ఉన్న దంపతులకు నా సలహా 26 నుంచి 29 అడుగుల, ఒకటి రెండు స్లైడ్‌లున్న, మూడు నుంచి ఆరేళ్ల పాత క్లాస్ సీ. ఫ్యాక్టరీ లోపాలు మొదటి యజమాని సరిచేయించి ఉంటాడు, విలువ పతనంలో పెద్ద వాటా కూడా ఆయనే భరించి ఉంటాడు. అమ్మేవారితో సంబంధం లేని ఆర్‌వీ తనిఖీదారుకు డబ్బు చెల్లించి పైకప్పు నుంచి ట్యాంకుల దాకా చూపించండి. బయటి గోడ ఎక్కడైనా ఉబ్బి కనిపిస్తే లోపల నీరు చేరినట్టే, ఎంత చవకైనా వదిలేయండి. కొనడానికి ముందు క్రూజ్ అమెరికా వంటి సంస్థ నుంచి క్లాస్ సీ అద్దెకు తీసుకుని, రెండు వారాలు, వీలైతే చలి రోజుల్లో, హోటలు మెట్లెక్కకుండా గడిపి చూడండి.

బరువు, కరెంటు, మన వంట

బండి పొడవు అందరూ అడుగుతారు, అది మోయగల బరువు అడిగేవారు తక్కువ. ప్రతి మోటర్‌హోమ్‌లో తలుపు దగ్గర ఒక లేబుల్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో దాని మీద రాసి ఉంటుంది. ఉదాహరణకు ఆ సంఖ్య 1,500 అనుకుందాం. ఇద్దరి బరువు 320 పౌండ్లు తీసేయండి. నీరు గ్యాలన్‌కు 8.34 పౌండ్లు కాబట్టి 50 గ్యాలన్ల ట్యాంకు నిండితే 417. మిగిలింది 763 పౌండ్లు. బట్టలు, పనిముట్లు, కుర్చీలు, పుస్తకాలు, సోనా మసూరి బస్తా, పప్పుల డబ్బాలు, ఆవకాయ జాడీలు, వెట్ గ్రైండర్ అన్నీ అందులోనే సర్దాలి. ఈ లెక్క ముందు అందమైన సోఫాలకు విలువ లేదు. సామానంతా ఎక్కించాక లారీలు ఆగే ట్రక్ స్టాపుల్లోని క్యాట్ స్కేల్ మీద బండిని తూయించండి. బరువు మించిన బండిలో ముందుగా దెబ్బ తినేవి టైర్లూ బ్రేకులే.

కరెంటు సంగతి కూడా ఇలాగే. 30 ఆంపియర్ల కనెక్షన్ మీద ఒకేసారి వాడగలిగేది దాదాపు 3,600 వాట్లు. ఏసీ సుమారు 1,500, ఇండక్షన్ పొయ్యి 1,800 తీసుకుంటే, అదే సమయంలో నీళ్ల హీటరు కరెంటు మీద వేశారంటే బ్రేకర్ పడిపోతుంది. 50 ఆంపియర్ల బండికి 12,000 వాట్ల దాకా అందుతుంది. అది ఎక్కువగా పెద్ద క్లాస్ ఏలలో, ఫిఫ్త్ వీల్‌లలో ఉంటుంది. రోజూ రెండు పూటలా పూర్తి వంట చేసే దంపతులు 30 ఆంపియర్ల బండి కొనుక్కుంటే, ఏసీ నడిచే వేసవిలో ప్రొపేన్ గ్యాస్ పొయ్యి మీదే ఎక్కువగా ఆధారపడాలి. పోపు ఘాటు అంత చిన్న చోట పరుపులకు, పరదాలకు పట్టేస్తుంది కాబట్టి కప్పులో గాలిని బయటకు లాగే పెద్ద ఫ్యాను, బయట ఆనింగ్ (బండి పక్కన పరుచుకునే పందిరి గుడ్డ) కింద వేపుళ్లకు ఒక చిన్న పొయ్యి తప్పనిసరి. దీపారాధన మానుకోవలసిన అవసరం లేదు. అయితే బండి కదలనప్పుడు, కిటికీ తీసి, పళ్లెంలో ప్రమిద పెట్టి, ఆరేదాకా ఒకరు దగ్గరే ఉండాలి. ప్రొపేన్ డిటెక్టరు మోగితే వెలుగుతున్న మంట ఏదైనా వెంటనే ఆర్పేయాలి.

ఇన్సులిన్ వాడేవారికి ఫ్రిజ్ ఎంపిక వైద్యానికి సంబంధించిన నిర్ణయం. పాత ఆర్‌వీలలో ఉండే అబ్జార్ప్షన్ ఫ్రిజ్ ప్రొపేన్ మీద నడుస్తుంది, బండి సమతలంగా లేకపోతే సరిగా చల్లబడదు, మండుటెండల్లో వెనకబడుతుంది. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, దానికి తోడు లిథియం బ్యాటరీలు ఉన్న బండిలో 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ నిలుపుకోవడం తేలిక. పాత బండి కొన్నా ఈ ఒక్క మార్పుకు డబ్బు దాచుకోండి.

పిల్లల ఇళ్లకు వెళ్లేటప్పుడు ఎదురయ్యే చిక్కులు రెండు. మనవాళ్లు ఎక్కువగా ఉండే కొత్త కాలనీల్లో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు డ్రైవ్‌వేలో ఆర్‌వీ నిలపడాన్ని చాలాచోట్ల నిషేధిస్తాయి లేదా ఒకటి రెండు రోజులకే పరిమితం చేస్తాయి. కొడుకు ఇంటి ముందు నెల రోజులు ఉండవచ్చన్న ఊహతో బడ్జెట్ వేయవద్దు. రెండోది ప్రొపేన్. వర్జీనియా నుంచి న్యూజెర్సీకి వెళ్లే దారిలో బాల్టిమోర్ సొరంగాల్లోకి ప్రొపేన్ ట్యాంకు ఉన్న ఆర్‌వీని అనుమతించరు. అలాంటి బండ్లకు పక్కదారిగా ఉన్న ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన 2024 మార్చిలో కూలిపోయింది కాబట్టి, ఊరి పడమటి వైపు నుంచి 695 బెల్ట్‌వే (రింగ్ రోడ్డు) మీదుగా చుట్టి వెళ్లాలి. బండి ఎత్తు, ప్రొపేన్ చూసి దారి చెప్పే ఆర్‌వీ జీపీఎస్ కొనుక్కోవడం ఇందుకే.

పాత ఇల్లు, కొత్త చిరునామా

అమ్మాలా, అద్దెకివ్వాలా? అమెరికా పన్ను చట్టం ప్రకారం, అమ్మకానికి ముందు అయిదేళ్లలో కనీసం రెండేళ్లు సొంతదారులుగా తామే నివసించిన ఇంటిని అమ్మితే, జాయింటుగా రిటర్న్ వేసే దంపతులకు 5,00,000 డాలర్ల దాకా లాభం మీద పన్ను ఉండదు. అంటే ఎన్నో ఏళ్లుగా ఉన్న ఇంటిని ఖాళీ చేశాక కూడా, దాదాపు మూడేళ్ల లోపు అమ్మితే ఆ మినహాయింపు దక్కుతుంది. అద్దెకిచ్చిన కాలానికి తరుగుదల కింద తగ్గించుకున్న మొత్తం మీద మాత్రం పన్ను కట్టాలి. ఈ గడువు దంపతులకు నిజమైన వరం. మొదటి ఏడాది అద్దెకిచ్చి, బండి జీవితం ఇద్దరికీ పడుతుందో లేదో చూసుకుని, రెండో ఏడాదిలో నిర్ణయించుకోండి. తిరిగి రావడానికి చోటుంటేనే మొదటి చలికాలపు కష్టాలను నిదానంగా తూచగలుగుతారు.

ఇల్లు లేకపోయినా చట్టం దృష్టిలో ఒక రాష్ట్రం మీదై ఉండాలి. ఫుల్‌టైమర్లు (ఏడాదంతా బండిలోనే ఉండేవారు) ఎక్కువగా ఎంచుకునేవి సౌత్ డకోటా, టెక్సాస్, ఫ్లోరిడా. మూడింటిలోనూ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, మూడింటిలోనూ ఉత్తరాలు అందుకుని పంపించే సేవలున్నాయి. సౌత్ డకోటాలో ఒక రాత్రి బస చేసిన రసీదు చూపి, ప్రయాణికుల నివాస అఫిడవిట్ ఇస్తే లైసెన్సు తీసుకోవచ్చు. టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్ పట్టణంలో ఎస్కేపీస్ ఆర్‌వీ క్లబ్ కేంద్ర కార్యాలయం, దాని మెయిల్ సేవ ఉన్నాయి. ఆదాయపు పన్ను ఒక్కటే చూస్తే మూడూ సమానం. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఇల్లు అద్దెకిచ్చి సౌత్ డకోటా వాసులమని చెప్పుకునేవారు, ఆ అద్దె ఆదాయానికి పాత రాష్ట్రంలో పన్ను కట్టాల్సిందేనని, ఓటు, లైసెన్సు, బ్యాంకు చిరునామా అన్నీ నిజంగానే మార్చుకోవాలని గుర్తుంచుకోవాలి. గ్రీన్ కార్డు ఉన్నవారు చిరునామా మారిన 10 రోజుల్లోగా యూఎస్‌సీఐఎస్‌కు (అమెరికా వలస వ్యవహారాల సంస్థ) తెలియజేయాలి. అరిజోనా, టెక్సాస్ సరిహద్దు ప్రాంతాల హైవేల మీద బోర్డర్ పెట్రోల్ తనిఖీలు ఉంటాయి కాబట్టి అసలు కార్డు దగ్గరే ఉంచుకోవాలి.

రాష్ట్రం కన్నా ముఖ్యమైనది ఆరోగ్య బీమా. అరవై అయిదు నిండినవారి ముందు రెండు దారులుంటాయి. ఒరిజినల్ మెడికేర్‌కు (ప్రభుత్వ ఆరోగ్య బీమా) మెడిగ్యాప్ (అది చెల్లించని వాటాను భరించే ప్రైవేటు బీమా) జోడిస్తే, మెడికేర్ తీసుకునే ఏ డాక్టరు దగ్గరికైనా, దేశంలో ఎక్కడైనా వెళ్లవచ్చు. నెలనెలా ప్రీమియం ఎక్కువ. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్‌లో ప్రీమియం తక్కువగానో సున్నాగానో ఉంటుంది, పళ్లు, కళ్లజోడు వంటి ఆకర్షణలుంటాయి. కాని చాలావరకు అది మీ కౌంటీ చుట్టూ ఉన్న నెట్‌వర్క్‌కు కట్టుబడి ఉంటుంది. ఊరు దాటితే అత్యవసర వైద్యం తప్ప మిగతాది కష్టం, ఆరు నెలలకు మించి ఆ ప్రాంతానికి బయట ఉంటే సాధారణంగా పథకం నుంచే తొలగిస్తారు. రోడ్డు మీద ఉండేవారికి ఒరిజినల్ మెడికేర్, మెడిగ్యాప్ జతే సరైనదని నేను నిస్సంకోచంగా చెబుతాను. ఈ నిర్ణయానికి గడువు కూడా ఉంది: 65 నిండి పార్ట్ బీ (మెడికేర్‌లో డాక్టరు ఖర్చుల భాగం) మొదలైన ఆరు నెలల్లో ఆరోగ్యం గురించి ప్రశ్నలు అడగకుండా ఏ కంపెనీ అయినా మెడిగ్యాప్ ఇవ్వాలి, ఆ తరువాత చాలా రాష్ట్రాల్లో షుగరు, గుండె జబ్బు చూపి నిరాకరించవచ్చు. 65 నిండనివారికి మార్కెట్‌ప్లేస్ పథకాల (సొంతంగా కొనుక్కునే ఆరోగ్య బీమా) నెట్‌వర్కులు కీలకం కాబట్టి, దేశవ్యాప్త నెట్‌వర్క్ ఉన్న పథకం ఎక్కడ దొరికితే ఆ రాష్ట్రాన్నే చిరునామాగా ఎంచుకోవడం తెలివైన పని.

సంక్రాంతికో, పెళ్లిళ్లకో ఏటా రెండు మూడు నెలలు హైదరాబాదుకో, విజయవాడకో వెళ్లేవారు మరికొన్ని చూసుకోవాలి. మెడికేర్ ఇండియాలో పనిచేయదు. మెడిగ్యాప్‌లో ప్లాన్ జీ, ప్లాన్ ఎన్ వంటివి విదేశంలో మొదటి 60 రోజుల్లో వచ్చే అత్యవసర చికిత్సకు, 250 డాలర్ల డిడక్టిబుల్ (ముందుగా మనం భరించే మొత్తం) పోను 80 శాతం, జీవితకాలంలో 50,000 డాలర్ల దాకా చెల్లిస్తాయి. అంతకు మించి ఉండేవారు విడిగా ప్రయాణ బీమా తీసుకోవాలి. బండిని గడ్డకట్టే చలి లేని దక్షిణ ప్రాంతంలో, కాపలా ఉన్న స్టోరేజీలో వదలండి. ఉత్తరాదిలో వదలక తప్పకపోతే గొట్టాల్లో నీరంతా తీసి, ఆర్‌వీ యాంటీఫ్రీజ్ పోసి వెళ్లాలి. నాలుగు నెలలు ఇండియాలో, రెండు నెలలు పిల్లల దగ్గర గడిపే దంపతులకు డీజిల్ పుషర్ అనవసరం. వారు తిరిగి క్లాస్ బీ గురించి ఆలోచించాలి.

ఆపే రోజు కోసం

ఈ జీవితం ఎప్పుడు ముగించాలో మొదటి రోజే మాట్లాడుకోండి. రాత్రిపూట నడపడం మానేసిన తరువాత, ఒకరికి మతిమరుపు మొదలైన తరువాత, మోకాలి ఆపరేషన్ తరువాత మెట్లెక్కడం కష్టమైతే, అప్పుడు ఎక్కడ ఉంటారు? కొందరికి కూతురి ఇల్లు, కొందరికి 55 ఏళ్లు దాటినవారి ఆర్‌వీ పార్కులో స్థిరమైన చోటు, కొందరికి అపార్ట్‌మెంటు. లివింగ్‌స్టన్‌లో ఎస్కేపీస్ వారి కేర్ కేంద్రం ఉంది. అక్కడ సొంత ఆర్‌వీలోనే ఉంటూ భోజనం, డాక్టరు దగ్గరికి ప్రయాణం వంటి సాయం పొందవచ్చు. శాకాహారం, తెలుగు మాట, దగ్గరలో గుడి కావాలనుకునేవారు మాత్రం ఏ ఊళ్లో ఆగితే అవి దొరుకుతాయో తిరుగుతున్న కాలంలోనే చూసి పెట్టుకోవాలి. ఆ మలి నివాసానికి ఒక ప్రత్యేక ఖాతా తెరవండి. అందులో కనీసం రెండేళ్ల అద్దెకు సరిపడా సొమ్ము చేరేదాకా, ఇల్లు అమ్మగా వచ్చిన డబ్బును బండి ధరకు ముట్టుకోవద్దు.